సొంత క్లౌడ్ సర్వర్‌లో ఐఎంజీప్రాక్సీ పెట్టుకోవడం ఎలా?

ఐఎంజీప్రాక్సీ అనేది గో భాషలో రాసిన ఓపెన్ సోర్స్ సర్వర్. అసలు ఫొటో ఉన్నచోటే ఉంటుంది. యూఆర్ఎల్‌లో ఏ సైజు అడిగితే ఆ సైజుకు అప్పటికప్పుడు కుదించి ఇస్తుంది. పెట్టుకోవడం అరగంట పని. తాళం వేయడం మరిచిపోతేనే తిప్పలు.

ముందు సర్వర్. ఉబుంటు 24.04, 2 కోర్లు, 2 జీబీ ర్యామ్ తీసుకోండి. చూసేవాళ్లు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువైతే ముంబయి గానీ, అమెజాన్ 2022లో తెరిచిన హైదరాబాద్ రీజియన్ గానీ ఎంచుకోండి. ర్యామ్‌లో పిసినారితనం వద్దు. 4 ఎంబీ ఫోన్ ఫొటోలో 4000 × 3000 పిక్సెళ్లుంటే, పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున పూర్తిగా విప్పితే 36 ఎంబీ అవుతుంది. జేపెగ్‌ను విప్పుతూనే చిన్నది చేసే వీలుంది కాబట్టి నయం. పీఎన్‌జీకి ఆ వెసులుబాటు లేదు.

డాకర్ (ప్రోగ్రామ్‌ను దాని సరంజామాతో సహా కంటైనర్ అనే పెట్టెలో నడిపేది), దాని సెట్టింగులను ఒక ఫైల్లో రాసుకునే కంపోజ్ ప్లగిన్ వేసి, ఐఎంజీప్రాక్సీ అధికారిక ఇమేజ్‌ను దించుకోండి. 'లేటెస్ట్' ట్యాగ్ కాకుండా ఒక వెర్షన్ నంబర్ రాసుకోండి. పోర్టు రాసేటప్పుడు ఉత్త 8080:8080 అనకండి, 127.0.0.1:8080:8080 అని రాయండి. అప్పుడు ఆ పోర్టు సర్వర్ లోపలి నుంచే అందుతుంది. డాకర్ తెరిచిన పోర్టును ఉబుంటులోని యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆపలేదు. ఫైర్‌వాల్ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే పోర్టు ఊరందరికీ తెరిచే ఉంటుంది.

తర్వాత తాళాలు. 'ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ర్యాండ్ -హెక్స్ 64' కమాండ్‌ను రెండుసార్లు నడపండి. ప్రతిసారీ హెక్స్ రూపంలో (0-9 అంకెలు, ఎ-ఎఫ్ అక్షరాలు) ఒక పొడవాటి రహస్య కోడ్ వస్తుంది. ఒకటి ఐఎంజీప్రాక్సీ_కీ, రెండోది ఐఎంజీప్రాక్సీ_సాల్ట్ అనే సెట్టింగుగా కంపోజ్ ఫైల్లో రాయండి. పేర్లన్నీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఎవరైనా మీ సర్వర్‌తో తమ ఫొటోలు కుదించుకుంటారు, బిల్లు మీకొస్తుంది. ఐఎంజీప్రాక్సీ_అలౌడ్_సోర్సెస్‌లో మీ ఫొటోల చిరునామా ఇవ్వండి. చివర స్లాష్ తప్పనిసరి. అది లేకపోతే మీ డొమైన్ పేరుతో మొదలయ్యే వేరేవాళ్ల డొమైన్ కూడా లోపలికి వచ్చేస్తుంది.

ఇక సంతకం, అంటే ఆ యూఆర్ఎల్ మీరు తయారుచేసిందేనని చూపే కోడ్: సాల్ట్ వెంటనే యూఆర్ఎల్ పాత్ (డొమైన్ పేరు తర్వాతి భాగం) పెట్టి, కీతో హెచ్‌మాక్ ఎస్‌హెచ్ఏ-256 (రహస్య కీతో ముద్ర వేసే లెక్క) తీసి, యూఆర్ఎల్‌కు సరిపడే బేస్64 (బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి)లోకి మార్చి, చివరి '=' గుర్తులు తీసేయండి. ఇది మీ బ్యాకెండ్‌లోనే జరగాలి, బ్రౌజర్‌లో కాదు. 403 (అనుమతి లేదనే జవాబు) వచ్చిందంటే చాలాసార్లు కారణం రెండింట్లో ఒకటి: పాత్ మొదట్లో స్లాష్ వదిలేయడం, లేదా హెక్స్‌ను బైట్లుగా మార్చకుండా అక్షరాలుగానే వాడేయడం. ఫైలు పేర్లు తెలుగులో ఉంటే మరో చిక్కు. మీరు తెలుగు అక్షరాల మీద సంతకం చేస్తారు, బ్రౌజర్ వాటిని శాతం గుర్తులుగా మార్చి పంపుతుంది, సంతకం కలవదు. అలాంటప్పుడు ఫొటో చిరునామాను బేస్64లో ఇవ్వడమే సుఖం.

ఐఎంజీప్రాక్సీ దేన్నీ దాచుకోదు. వందమంది ఒకే ఫొటో అడిగితే వందసార్లూ కుదిస్తుంది. అందుకే దాని ఎదుట ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి, ఒకసారి కుదించిన ఫొటోలను దాచే ప్రాక్సీ క్యాష్‌కు 5 జీబీ డిస్కు ఇవ్వండి. ఎస్ఎస్ఎల్‌కు (https తాళానికి) ఉచితంగా సర్టిఫికెట్ తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ చాలు. బ్రౌజర్‌ను బట్టి ఫార్మాట్ మార్చే సెట్టింగు ఉంది గానీ, కొన్ని సీడీఎన్‌లు (ఫైళ్ల నకళ్లను చూసేవాళ్లకు దగ్గరి సర్వర్ల నుంచి ఇచ్చే సేవలు) వేరీ హెడర్‌ను, అంటే జవాబు బ్రౌజర్‌ను బట్టి మారుతుందని చెప్పే గుర్తును, పట్టించుకోవు. అందుకే యూఆర్ఎల్‌లోనే వెబ్‌పీ (జేపెగ్ కంటే చిన్న ఫైళ్లిచ్చే ఫార్మాట్) అని రాసేయండి. ఏవీఐఎఫ్ అనే మరో ఫార్మాట్ ఫైళ్లు ఇంకా చిన్నవే, కానీ 2 కోర్ల సర్వర్‌కు ఆ బరువు ఎక్కువ.

చివరగా /హెల్త్ పాత్‌కు 200 (అంతా సవ్యమనే జవాబు) వస్తోందో లేదో చూడండి. రోజులు గడిచేకొద్దీ మెమరీ పెరుగుతూ పోతుంటే మెమరీ కేటాయించే పద్ధతిని ఎంచుకునే ఐఎంజీప్రాక్సీ_మాలాక్ సెట్టింగుకు జెమాలాక్ అని ఇచ్చి కంటైనర్‌ను మళ్లీ లేపండి.