మళ్లీ కలిసిన రాక్ బ్యాండ్ షోకి తిరుపతి నుంచి వెళ్తున్నారా?

తిరుపతిలోనో చిత్తూరులోనో ఉండి రాక్ వినేవాళ్లకు షో అంటే ముందు ప్రయాణం. బెంగళూరో, చెన్నైయో, ముంబయో పోవాల్సిందే. అందులోనూ ఏళ్ల కిందట విడిపోయి మళ్లీ కలిసిన బ్యాండ్ అయితే ఇంకో చిక్కు. ఇంకోసారి వస్తారో రారో, వచ్చినా ఇదే మనుషులు కలిసి ఉంటారో లేదో ఎవరూ హామీ ఇవ్వరు. అందుకే టికెట్లు గంటల్లో అయిపోతాయి, పాతికేళ్ల కుర్రాళ్ల పక్కనే యాభై దాటిన పాత అభిమానులూ గంటల తరబడి నిలబడతారు. కాబట్టి టికెట్ కొనకముందే ఒక్క సంగతి తేల్చుకోండి: మైదానంలో మీరు ఎక్కడ నిలబడతారు? ఏ టికెట్ కొనాలి, ఎన్నింటికి చేరాలి, ఎంత నీళ్లు తాగాలి, ఎప్పుడు బయటపడాలి అన్నవన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

వస్తున్నది ఎవరు?

పోస్టర్ మీద పేరు ఒకటే ఉన్నా వేదిక మీద మనుషులు మారిపోతుంటారు. 2012 డిసెంబరులో బెంగళూరులో షో ఇచ్చిన అమెరికా బ్యాండ్ గన్స్ ఎన్ రోజెస్‌లో గిటారిస్టు స్లాష్ లేడు. గాయకుడు ఆక్సెల్ రోజ్, స్లాష్ 1993 తర్వాత మళ్లీ ఒకే వేదిక ఎక్కింది 2016లో. 2025 మే 17న ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్స్‌కి వెళ్లినవాళ్లకు వాళ్లిద్దరితో పాటు బాసిస్టు డఫ్ మెకేగన్ కూడా కనిపించాడు. పాత గిటారిస్టు ఇజ్జీ స్ట్రాడ్లిన్ మాత్రం లేడు, డ్రమ్స్ మీద ఆ ఏడాదే చేరిన ఐజాక్ కార్పెంటర్ ఉన్నాడు. లింకిన్ పార్క్‌దీ అదే తీరు. 2017లో గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ చనిపోయాక ఆగిపోయిన బ్యాండ్ 2024 సెప్టెంబరులో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుతో తిరిగొచ్చింది. గిటారిస్టు బ్రాడ్ డెల్సన్ బ్యాండ్‌లో ఉన్నా టూర్లకు రాడు, ఆయన బదులు వేదిక మీద గిటార్ వాయించేది అలెక్స్ ఫెడర్. ఇవి ముందే తెలిస్తే అక్కడికెళ్లి మొహం మాడ్చుకునే పని ఉండదు.

గొంతు సంగతీ అంతే. ఇరవై ఐదేళ్ల వయసులో పాడిన పైస్థాయి యాభై అరవై ఏళ్లకు అందదు. చాలా బ్యాండ్లు శ్రుతిని అరమెట్టో ఒక మెట్టో దించుతాయి. క్యాసెట్ కాలం నుంచి వింటున్న పాట కాస్త బరువుగా, నెమ్మదిగా అనిపిస్తే కారణం అదే, సౌండ్ వాళ్ల తప్పేం కాదు. పైస్థాయి చరణం వచ్చేసరికి గాయకుడు మైకు జనం వైపు తిప్పుతాడు. అది ప్రేమ కొంత, ఊపిరి తీసుకోవడం కొంత. ఆ చరణాలన్నా నోటికి వచ్చి ఉంటే మంచిది.

టూర్‌లో అంతకు ముందు ఊళ్లలో ఏం వాయించారో చూసుకుంటే మీ షోలో వచ్చేది కూడా దాదాపు అదే. లైట్లు, తెర మీది వీడియోలు పాటల వరసను బట్టి ముందే ప్రోగ్రామ్ చేసి ఉంటాయి కాబట్టి ఒకటి రెండు పాటలు తప్ప పెద్దగా మార్చరు. ముందే తెలుసుకోవడం ఇష్టం లేకపోతే, ఎన్నింటికి మొదలై ఎంతసేపు సాగుతుందన్నదొక్కటి చూసుకోండి.

టికెట్ కొనేటప్పుడు

అమ్మకం మొదలయ్యే అరగంట ముందే యాప్‌లో లాగిన్ అయి, పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ నింపి పెట్టుకోండి. ఆన్‌లైన్ వరసలో మీ నంబరు వచ్చాక పేజీ రిఫ్రెష్ చేస్తే చాలాచోట్ల మళ్లీ వెనక్కి పోతారు. డబ్బు కట్టడానికి ఇచ్చేది కొద్ది నిమిషాలే. నలుగురికి కలిపి కొంటుంటే యూపీఐ రోజువారీ పరిమితి, మామూలుగా లక్ష రూపాయలు, దాటుతుందేమో చూసుకుని, కార్డు కూడా పక్కన పెట్టుకోండి. కనిపించే ధర మీద కన్వీనియెన్స్ ఫీజు ఉంటుంది. 500 దాటిన టికెట్‌కి 18 శాతం జీఎస్టీ కూడా ధరలో కలిసి ఉందో లేదో చూడాలి. 2009లో విడిపోయిన బ్రిటిష్ బ్యాండ్ ఒయాసిస్ మళ్లీ కలుస్తున్నామని 2024లో ప్రకటించినప్పుడు బ్రిటన్‌లో దాదాపు 150 పౌండ్ల నిలుచునే టికెట్, జనం వరసలో ఉండగానే 350 దాటింది. ఇక్కడ ఎక్కువగా కనిపించేది విడతల ధర: మొదటి విడత అయిపోగానే అదే చోటుకి రేటు పెరుగుతుంది. వాట్సాప్‌లో ఎవరో పంపే క్యూఆర్ స్క్రీన్‌షాట్ మాత్రం కొనకండి. చాలా యాప్‌లలో కోడ్ మారుతూ ఉంటుంది, గేటు దగ్గర పాతది చెల్లదు.

ఎక్కడ నిలబడాలి

అందరూ ముందు వరస అంటారు. చూడ్డానికి అది బాగుంటుంది, వినడానికి మాత్రం అదే అధ్వానం. పెద్ద స్పీకర్లు వేదికకు రెండు పక్కలా ఎత్తున వేలాడుతుంటాయి, వాటి ధ్వని మీ తల మీదుగా పోతుంది. కంచె దగ్గర మీకు తగిలేది డ్రమ్స్, గిటార్ ఆంప్‌ల నేరు శబ్దం, కాళ్ల ముందున్న సబ్‌వూఫర్ల (బాస్ స్పీకర్ల) గుద్దు. గొంతు అందులో మునిగిపోతుంది.

పాట సరిగ్గా వినబడేది మిక్సింగ్ డెస్క్ దగ్గర. మైదానం మధ్యలో, వేదికకు సుమారు 30 నుంచి 50 మీటర్ల దూరంలో, కంచె కట్టిన చిన్న గుడారం ఉంటుంది. సౌండ్ ఇంజినీరు తన చెవికి నచ్చేలా సరిచేస్తున్నది అక్కడి నుంచే. దానికి కాస్త ముందు, ఎడమకో కుడికో నాలుగడుగులు జరిగి నిలబడండి. సరిగ్గా మధ్య గీత మీద రెండు పక్కల సబ్‌వూఫర్ల ధ్వని కలిసి బాస్ ఎక్కువవుతుంది. డెస్క్ వెనక నిలబడితే గుడారం కప్పు అడ్డం. ఇంకో లాభం, డెస్క్ కంచెకి ఆనుకుని నడుముకు విశ్రాంతి ఇవ్వొచ్చు. నలభై దాటినవాళ్లకు మూడో గంటలో ఆ విలువ తెలుస్తుంది.

ఇంకా వెనక్కి, 100 మీటర్లు దాటితే, ధ్వని మిమ్మల్ని చేరడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. తెర మీద డ్రమ్ము మీద కర్ర పడ్డాక మీకు దెబ్బ వినిపిస్తుంది. మైదానం మధ్యలో అదనపు స్పీకర్ స్తంభాలు ఉంటే వాటిని దాటి కాస్త వెనక్కి, వాటి ధ్వని పడేచోట ఉండండి. సరిగ్గా వాటి కింద నిలబడితే లాభం లేదు.

ముందే ఉండాలనుకుంటే ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో వేసిన కంచె ఉందేమో చూడండి. వేదిక మధ్య నుంచి జనంలోకి వచ్చే ఆ నిలువు కంచె పక్కన చోటు దొరికితే పట్టుకోవడానికి ఊచ ఉంటుంది, వెనక నుంచి వచ్చే తోపు నేరుగా మీ మీద పడదు. ముందు వరసకి గేటు తెరవడానికి మూడు గంటల ముందు చేరాలి. డెస్క్ దగ్గరికైతే అసలు బ్యాండ్‌కి ముందు వచ్చే ఓపెనింగ్ బ్యాండ్ సమయానికి వెళ్లినా చాలు. మూడు గంటల ఎండ తప్పుతుంది.

గేటు, గుంపు

క్యూలో నిలబడటం తిరుపతి వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. అయితే కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి వదిలే క్యూ వేరు, ఒక్కసారిగా తెరిచే గేటు వేరు. 2025 జనవరి 8న తిరుపతి బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో, అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలు జరిగాయి. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి, రెండూ గేట్ల దగ్గరే. పాట మొదలయ్యాక జరిగే తోపులాట కంటే గేటు తెరిచే క్షణమే ప్రమాదం. గేటుకు ఎదురుగా కాకుండా పక్కకు ఉండండి. తెరవగానే పరుగు తీసే గుంపును పోనిచ్చి ఆ తర్వాత కదలండి, పోయేది ఐదు నిమిషాలే.

లోపల చేతులు కదపలేనంత ఇరుకైతే అప్పటికే ఆలస్యం. భుజాలు రెండు పక్కలా తగులుతున్నప్పుడే వెనక్కి రావడం మొదలుపెట్టాలి. బాక్సర్‌లా రెండు చేతులూ ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి చోటుంటుంది. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి. తోపు వచ్చినప్పుడు ఎదురు నెట్టకండి, దాంతోపాటు కదిలి, అది తగ్గిన క్షణంలో ఏటవాలుగా పక్కకు జరగండి. ఫోన్ కింద పడితే వదిలేయండి. గుంపులో వంగినవాళ్లే కింద పడతారు. పక్కన ఎవరైనా పడితే చుట్టూ చేతులు చాపి చోటు చేసి లేపడం రాక్ షోల్లో మొదటినుంచీ ఉన్న మర్యాద.

చెవులు

రాక్ షో ధ్వని మామూలుగా 100 డెసిబెల్స్, ముందు వరసలో ఇంకా పైన. 85 డెసిబెల్స్‌ని ఎనిమిది గంటలు తట్టుకోవచ్చనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. లెక్క వేస్తే 100 దగ్గర పావుగంటే. షో రెండు మూడు గంటలు. కాబట్టి ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి, బెట్టు చేయాల్సిన విషయం కాదు.

మెడికల్ షాపులో దొరికే ఫోమ్ రకం చవక, కానీ పైస్థాయి ధ్వనులను ఎక్కువ కోసేస్తుంది, మాటలు ముద్దగా వినిపిస్తాయి. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ రకం అన్ని స్థాయిలనూ 15 నుంచి 20 డెసిబెల్స్ వరకు దాదాపు సమానంగా తగ్గిస్తుంది, గొంతు స్పష్టంగానే ఉంటుంది. ఆన్‌లైన్‌లో వారం ముందే తెప్పించుకోండి. ఫోమ్ అయితే పెట్టుకునే పద్ధతి ముఖ్యం: శుభ్రమైన వేళ్లతో సన్నగా వత్తిలా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకి లాగి, లోపలికి దూర్చి, ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టుకోవాలి. సగం బయటికి కనిపిస్తుంటే సరిగ్గా పడనట్టే. మొదటి పాట మొదలవకముందే పెట్టుకోండి.

ఒంటి మీద, కడుపులో

వేళ్లు కప్పే పాత బూట్లు, లేసు రెండు ముళ్లు. బెంగళూరు షోలు ఎక్కువగా చలికాలంలో పడతాయి, దేవనహళ్లి వైపు ఖాళీ మైదానాల్లో రాత్రి తొమ్మిదికి చలి వణికిస్తుంది. నడుముకు కట్టుకునే పల్చటి జెర్కిన్ ఉంటే చాలు. చెన్నైలో ఉక్క, కాటన్ తప్ప ఇంకేదీ వద్దు. నీళ్ల సీసా, గొడుగు, సెల్ఫీ స్టిక్, లైటర్, పెద్ద బ్యాగు సాధారణంగా గేటు దగ్గరే తీసేసుకుంటారు. పవర్ బ్యాంక్ సంగతి షోని బట్టి మారుతుంది, టికెట్ వెనక నియమాలు చదవండి.

మధ్యాహ్నం రెండుకల్లా కడుపునిండా తినేయండి, లోపల రేట్లు రెండింతలు, వరసలు పొడుగు. గేటు దగ్గరికి చేరే ముందు అర లీటరు నీళ్లు, జేబులో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. ముందు వరసలో ఉండేవాళ్లు బీరు మానుకుంటే మంచిది. టాయిలెట్‌కి వెళ్లొస్తే ఆ చోటు తిరిగి దొరకదు. బ్యాండ్ టీషర్టు కావాలంటే షోకి ముందే కొనండి, ఎం, ఎల్ సైజులు ముందు అయిపోతాయి.

కొత్త పాట మొదలవగానే సగం జనం టాయిలెట్ల వైపు నడుస్తారు. వరస ఎక్కువయ్యేది అప్పుడే. నిజానికి మళ్లీ కలిసిన బ్యాండ్ బిగువుగా వాయించేది తరచుగా కొత్త పాటలే. ఇప్పటి గొంతుకి, ఇప్పటి మనుషులకి సరిపడేలా కట్టినవి అవి. ఒకటైనా నిలబడి వినండి.

పోవడం, రావడం

రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు మన దేశంలో నిషేధం ఉంది కాబట్టి షో పదికి ముగుస్తుందనే అనుకోండి. ఆ వేళకు వేలమంది ఒకేసారి క్యాబ్ బుక్ చేస్తారు, నెట్‌వర్క్ పనిచేయదు. ఒక కిలోమీటరు నడిచి మెయిన్ రోడ్డు మీద బుక్ చేయండి. విడిపోతే ఎక్కడ కలవాలో లోపలికి వెళ్లకముందే అనుకోండి, "గేటు దగ్గర" అంటే చాలదు, ఫలానా స్తంభం అని చెప్పుకోవాలి.

బెంగళూరు నుంచి తిరుపతి సుమారు 250 కిలోమీటర్లు. షో దేవనహళ్లి వైపు అయితే కారులో ఊళ్లోకి రాకుండా సూలిబెలె మీదుగా హొసకోట చేరి కోలారు రోడ్డు పట్టొచ్చు. బస్సుకైతే మెజెస్టిక్ దాకా పోకుండా కె.ఆర్.పురం దగ్గర ఎక్కించుకుంటారేమో టికెట్ తీసేటప్పుడే చూసుకోండి, మెట్రో అక్కడిదాకా ఉంది. కారు నడిపేవాడు ఆరు గంటలు నిలబడి ఉంటాడు. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ తెల్లవారుజామున నిద్రమత్తులో దిగాల్సిన రోడ్డు కాదు. కోలారులోనో ముళబాగిలులోనో ఆగి నిద్రపోయి పొద్దున బయల్దేరండి, లేదా షో చూడని డ్రైవర్‌ని పెట్టుకోండి.

చెన్నైకి పోవడానికి సప్తగిరి, గరుడాద్రి రైళ్లు ఉన్నాయి, రాత్రి పది తర్వాత రావడానికి వాటిని నమ్ముకోకండి. తిరుపతి బస్సులు మాధవరం నుంచి. షో నందనం మైదానంలో అయితే అక్కడి నుంచి అది ఊరి ఇంకో కొస, ముప్పావుగంట లెక్కేసుకోండి. ముంబైకి రేణిగుంటలో ఆగే చెన్నై–ముంబై రైళ్లున్నాయి, దాదాపు ఒక రోజు ప్రయాణం. దాదర్‌లో దిగి వెస్ట్రన్ లైన్‌కి మారి స్లో లోకల్ ఎక్కితే మహాలక్ష్మి మూడో స్టేషన్. షో ముందు రోజే చేరేలా చూసుకోండి, ఆరు గంటలు ఆలస్యమైనా షో తప్పదు.

మర్నాడు చెవుల్లో సన్నగా ఈల వినిపిస్తే ఆ రోజంతా ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టండి, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోయినా, ఒక చెవికి మాటలు మందంగా వినిపిస్తున్నా వాయిదా వేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే మందు పనిచేసేది మొదటి కొద్ది రోజుల్లోనే.