పోస్ట్‌డాక్‌లో చేరేముందు అడగాల్సినవి

పీహెచ్‌డీ వైవా అయిపోయిన మా జూనియర్లు ఫోన్ చేసి, "అక్కా, ఫలానా ల్యాబ్‌లో ఆర్.ఏ. (రీసెర్చ్ అసోసియేట్, అంటే ప్రాజెక్టులో పోస్ట్‌డాక్) పోస్టు వచ్చింది, చేరమంటారా?" అంటే నేను ముందు జీతం సంగతి అడగను. ప్రాజెక్టు ఏ నెలలో ముగుస్తుందో అడుగుతాను. మూడేళ్ల ప్రాజెక్టులో రెండేళ్లు గడిచాక చేరితే మీకు మిగిలేది ఏడాదే. ప్రాజెక్టుకు డబ్బు మంజూరు చేసిన సాంక్షన్ లెటర్‌లో ఆ తేదీ ఉంటుంది. "సార్, ఇల్లు మారాలి, ప్రాజెక్టు ఎప్పటిదాకా ఉందో చెబితే ఏర్పాట్లు చేసుకుంటాను" అని ప్రాజెక్టు నడిపే గైడ్‌కి మెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే "ఎక్స్‌టెన్షన్ వస్తుందిలేమ్మా" అంటారు. సార్ మంచివారే కావచ్చు, ఎక్స్‌టెన్షన్ ఇచ్చేది మాత్రం గ్రాంటు ఇచ్చే ఢిల్లీ.

జీతానికి డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) రేట్లు చూసుకోండి. 2023 జనవరి 1 నుంచి ఆర్.ఏ. మొదటి మెట్టుకు నెలకు 58,000, రెండో మెట్టుకు 61,000, మూడో మెట్టుకు 67,000. హెచ్.ఆర్.ఏ. (ఇంటి అద్దె భత్యం) అదనం, అది హైదరాబాద్‌లో ఎక్కువ శాతం, విశాఖలో తక్కువ. డీఏ, గ్రాట్యుటీ ఉండవు. ఏ మెట్టులో వేయాలన్నది మీ అనుభవాన్ని బట్టి సంస్థే నిర్ణయిస్తుంది కాబట్టి, పాత అనుభవం సర్టిఫికెట్లు ఇంటర్వ్యూకే పట్టుకెళ్లండి. పీహెచ్‌డీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాలేదని కింది మెట్టు ఎస్.ఆర్.ఎఫ్. (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా చేర్చుకుంటే, అది వచ్చిన రోజు నుంచి ఆర్.ఏ.గా మారుస్తామని రాయించుకోండి.

ఆ తర్వాత అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లి, ఈ ప్రాజెక్టు యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే కాగితం) పంపారా, తర్వాతి విడత డబ్బు వచ్చిందా అని కనుక్కోండి. ఆ కాగితం ఆలస్యమైతే జీతమూ ఆలస్యమవుతుంది. ఇంటి ఓనరుకి గ్రాంటు గొడవ పట్టదు కదా.

సెలవుల విషయం చాలామంది మొహమాటపడి వదిలేస్తారు. ఆర్.ఏ.లకు సంస్థ నిబంధనల ప్రకారం సెలవులు ఉంటాయి. ప్రసూతి సెలవు ప్రాజెక్టులో పనిచేసే మహిళలందరికీ ఉంటుంది, జె.ఆర్.ఎఫ్.ల (జూనియర్ రీసెర్చ్ ఫెలోల)తో సహా. కాన్ఫరెన్స్‌కి వెళ్తే ఆన్ డ్యూటీ కిందే లెక్క. ఇవన్నీ డీఎస్‌టీ మెమోలో ఉన్నవే, ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. పోస్ట్‌డాక్ అంటే మీ సొంత ల్యాబ్‌కి తయారయ్యే కాలం. గైడ్ ప్రాజెక్టు పనే చేస్తూ పోతే పేపర్లు వస్తాయేమో గానీ, ఫ్యాకల్టీ ఇంటర్వ్యూలో "మీ సొంత రీసెర్చ్ ప్రాబ్లం ఏమిటి?" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకే చేరేముందే అడగండి: "సార్, వెళ్లేటప్పుడు ఇందులో ఏ భాగాన్ని నాతో తీసుకెళ్లొచ్చు? ఆ మెటీరియల్, డేటా వాడుకోనిస్తారా?" దీనికి కొందరు వెంటనే ఫలానా భాగం నీదే అంటారు. కొందరు ముఖం చిట్లిస్తారు. అలాంటిచోట నేనైతే చేరమని చెప్పను. ఒప్పుకున్నదాన్ని మెయిల్‌లో రాసి పంపి, ఆరు నెలలకోసారి దాన్నే ముందు పెట్టుకుని కూర్చోండి. గ్రాంటు ప్రపోజల్ రాయడం, పేపర్ రివ్యూ చేయడం, ఒకరిద్దరు ఎం.ఎస్సీ. పిల్లలకు పని నేర్పడం కూడా అప్పుడే అడగాలి.

ల్యాబ్‌లో ఇప్పుడున్నవాళ్లు నిజం చెప్పలేకపోవచ్చు, గైడ్ పక్క గదిలోనే ఉంటారు. వెళ్లిపోయిన ఆర్.ఏ.లు ఎక్కడున్నారో వెతికి వాళ్లకి ఫోన్ చేయండి.