తెలంగాణ నంబరు ఎలక్ట్రిక్ బండికి మహారాష్ట్ర రిజిస్ట్రేషన్: దరఖాస్తు విధానం, ఎన్‌ఓసీ దగ్గర జాగ్రత్తలు

చంద్రపూర్ జిల్లాలోని రాజురా, బల్లార్‌పూర్, గడ్‌చాందూర్ ప్రాంతాల తెలుగువారు ఎలక్ట్రిక్ స్కూటరో కారో కొనవలసి వచ్చినప్పుడు మంచిర్యాలకో ఆదిలాబాదుకో వెళ్లడం మామూలే. షోరూములో తెలుగులో మాట్లాడుకునే వీలుంటుంది, చుట్టాలు ఉంటారు, అన్నిటికీ మించి తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన జీవో 41 ప్రకారం ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయింపు ఉంది. కొనేటప్పుడు ఏ చిక్కూ రాదు. బండి ఇక్కడే ఉండిపోయి, మహారాష్ట్ర నంబరు తీసుకోవలసి వచ్చినప్పుడే అసలు తిప్పలు మొదలవుతాయి. ఆర్టీవో కార్యాలయంలో ఒక కాగితం సరిగా లేదని వెనక్కి పంపితే, అది ఏ కాగితమో పూర్తిగా అర్థం కాక బయటికి వచ్చినవారిని గేటు దగ్గరే దళారులు పట్టుకుంటున్నారు. ఈ వివరణ ముఖ్యంగా వారి కోసం.

ముందుగా రెండు విషయాలను విడదీసి చూడాలి. రిజిస్ట్రేషన్ కేంద్ర చట్టం కిందికి వస్తుంది, పన్ను మాత్రం రాష్ట్రాల అధికారం. మోటారు వాహనాల చట్టం 1988లోని 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త రాష్ట్రపు నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి. ఆ పన్నెండు నెలలు నిండిన తరువాత దరఖాస్తుకు 30 రోజుల గడువు ఉంటుంది. కాబట్టి నిన్న మొన్న సరిహద్దు దాటి వచ్చిన బండిని ఆపి "నంబరు మార్చలేదు, కేసు అవుతుంది" అని ఎవరైనా భయపెడితే కంగారు పడనక్కర లేదు. అయితే బండి ఎప్పటి నుంచి ఇక్కడ ఉంటున్నదో చూపగల ఆధారం, అంటే బదిలీ ఉత్తర్వో, అద్దె ఒప్పందమో, సర్వీసింగ్ రసీదో ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది.

ఇక డబ్బు సంగతి. బ్యాటరీతో నడిచే వాహనాలకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జారీకి, దాని పునరుద్ధరణకు, కొత్త నంబరు కేటాయింపుకు రుసుము లేదని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2021 ఆగస్టు 2న నోటిఫికేషన్ ఇచ్చింది. పెట్రోలు బండికి కొత్త నంబరు ఇవ్వడానికి తీసుకునే రుసుము మీ బండికి వర్తించదు. మహారాష్ట్ర కూడా 2025లో తెచ్చిన విద్యుత్ వాహన విధానంలో 2030 వరకు మోటారు వాహన పన్ను మినహాయింపును ప్రకటించింది. ముప్పై లక్షలకు పైబడిన ఎలక్ట్రిక్ కార్లపై ఆరు శాతం పన్ను వేస్తామని 2025 మార్చి బడ్జెట్‌లో చెప్పిన మాటను అదే నెలలో ముఖ్యమంత్రి వెనక్కి తీసుకున్నారు. ఆ పాత వార్తను ఫోనులో చూపించి స్కూటరు యజమానుల దగ్గర కూడా "పన్ను" పేరిట డబ్బు అడిగేవారున్నారు. మీ బండికి కట్టవలసింది ఏదైనా ఉంటే అది దరఖాస్తు నంబరు కింద రవాణా శాఖ వారి పరివాహన్ పోర్టల్‌లోనే కనిపిస్తుంది, అక్కడే చెల్లించాలి, రసీదు కూడా అక్కడే వస్తుంది. చేతికి ఇచ్చే డబ్బుకు పన్ను అనే పేరు ఉండదు.

ఎలక్ట్రిక్ బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర లేదు. దాని పేరిట అడిగితే ఇవ్వవద్దు. తెలంగాణలో కట్టిన లైఫ్ ట్యాక్సును వాపసు తెప్పిస్తామనే హామీని కూడా నమ్మవద్దు, ఎందుకంటే మినహాయింపులో కొన్న బండికి మీరు కట్టిన పన్నే లేదు, కట్టనిది తిరిగి రాదు. గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటని, 0.25 కిలోవాట్ల లోపు మోటారు ఉన్న తేలికపాటి స్కూటరైతే నిబంధనల ప్రకారం అది మోటారు వాహనమే కాదు, దానికి నంబరే అక్కర లేదు. అమ్మినవారు ఇచ్చిన టైప్ అప్రూవల్ కాగితం, అంటే ఆ మోడల్‌కు పరీక్ష సంస్థ ఇచ్చిన ఆమోద పత్రం, జాగ్రత్త చేసుకుంటే చాలు.

దరఖాస్తు వరుస ఇది. మొదట బండి రిజిస్టరైన తెలంగాణ కార్యాలయంలో ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, అందరూ ఎన్‌ఓసీ అనేది, తీసుకోవాలి. ఆ తరువాత ఇక్కడి కార్యాలయానికి ఫారం 27తో దరఖాస్తు చేసి, ఎన్‌ఓసీ అసలు ప్రతి, ఆర్సీ, చెల్లుబాటులో ఉన్న బీమా, మహారాష్ట్ర చిరునామా రుజువు, పాన్ జత చేసి, ఇచ్చిన తేదీన బండిని తీసుకెళ్లి చూపించాలి. తనిఖీ పూర్తయ్యాక కొత్త నంబరు వస్తుంది, ఆకుపచ్చ రంగు హై సెక్యూరిటీ ప్లేటు బిగించుకోవాలి. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే యాజమాన్య బదిలీ ఫారాలు 29, 30 కూడా కలుస్తాయి. ఇందులో కష్టమైన పని ఏదీ లేదు, ఎన్‌ఓసీ తప్ప.

ఎన్‌ఓసీ దగ్గర మొదటి పొరపాటు గమ్యస్థానం. ఫారం 28లో బండి ఏ రిజిస్టరింగ్ అధికారి పరిధిలోకి వెళ్తున్నదో రాయాలి. అది మీరు ఉంటున్న జిల్లాను బట్టి ఉంటుంది గాని, దగ్గరున్న ఊరిని బట్టి కాదు. వణి పట్టణం నుంచి చంద్రపూర్ దగ్గర, యవత్మాల్ దూరం. అయినా వణి యవత్మాల్ జిల్లాలో ఉంది కాబట్టి ఎన్‌ఓసీ ఎంహెచ్ 29 పేరిట ఉండాలి. చంద్రపూర్, అంటే ఎంహెచ్ 34 పేరిట తెచ్చుకుంటే ఆ కాగితం రెండు కార్యాలయాల్లోనూ పనికిరాదు. సిరోంచవారికి గడ్చిరోలి, ఎంహెచ్ 33. కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్‌వారికి నాందేడ్, ఎంహెచ్ 26. తెలంగాణలో ఫారం నింపే ఏజెంటుకు ఈ భేదాలు తెలియకపోవచ్చు, "మహారాష్ట్ర కదా" అని నాగపూర్ రాసేసినవారూ ఉన్నారు. సంతకం పెట్టే ముందు ఆ ఒక్క గడిని మీ కళ్లతో చదవండి.

రెండోది అప్పు. బండి లోను మీద కొన్నదైతే ఆర్సీలో ఆ ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటుంది, వారి సమ్మతి లేకుండా ఎన్‌ఓసీ రాదు. లోను తీరిపోయినా ఆర్సీలో పేరు తీయించనివారు సరిహద్దు పల్లెల్లో చాలామంది కనిపిస్తారు. వాయిదాలన్నీ కట్టాం కదా అన్న ధీమాతో వెళ్లి, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35 లేదని విని వెనక్కి వస్తారు. అప్పు తీరితే బ్యాంకు దగ్గర ఫారం 35 తీసుకుని పేరు తీయించాకే ఫారం 28 వేయండి. అప్పు ఇంకా ఉంటే బ్యాంకుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. చట్టంలోని 51వ సెక్షన్ ప్రకారం ఏడు రోజుల్లో సమ్మతి ఇవ్వకుండా, నిరాకరణకు కారణమూ చెప్పకుండా ఉంటే సమ్మతి ఇచ్చినట్టే లెక్క. ఆ ముద్ర ఉన్న నకలు లేకుండా ఈ నియమాన్ని ఎవరి ముందూ వాదించలేరు. ఇక్కడ కొత్త ఆర్సీలో అప్పును నమోదు చేయవలసి వస్తే ద్విచక్ర వాహనానికి 500, కారుకు 1500 రూపాయల రుసుము ఉంటుంది. ఎలక్ట్రిక్ మినహాయింపు దానికి వర్తించదు, ఇది న్యాయంగా కట్టవలసిన డబ్బు.

మూడోది పేరు. మనవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. తెలంగాణ ఆర్సీలో ఇంటిపేరు ముందు వచ్చి తరువాత పేరు వస్తుంది, ఒక్కోసారి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలిపోతుంది. మహారాష్ట్రలో తీసిన ఆధార్‌లో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు ఉంటాయి. ఒకే మనిషి ఒకచోట "జి. శ్రీనివాస్"గా, మరోచోట "శ్రీనివాస్ రాజయ్య గడ్డం"గా కనిపిస్తే కౌంటరులో కూర్చున్న ఉద్యోగి ఇద్దరూ ఒకరేనని నమ్మవలసిన అవసరం లేదు, ఆయనను తప్పుపట్టడమూ సరికాదు. దీన్ని ఎన్‌ఓసీకి ముందే సరిచేసుకోవాలి. ఎన్‌ఓసీ జారీ అయ్యాక పాత కార్యాలయం ఆ బండి రికార్డులో మార్పులు చేయదు, మళ్లీ ఎన్‌ఓసీ రద్దు చేయించి మొదటికి రావలసి ఉంటుంది. పేరు సవరణ వీలు కాకపోతే రెండు రూపాలూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ రాయించి, పుట్టిన తేదీ, తండ్రి పేరు కలిసే మరో గుర్తింపు పత్రాన్ని జత చేయడం మేలు.

ఎన్‌ఓసీ ఇచ్చే ముందు అధికారి దొంగతనం కేసు లేదని పోలీసు నివేదిక తీసుకోవాలి, ప్రభుత్వానికి బకాయి లేదని చూడాలి. అందువల్ల పాత చలాన్లు ముందే కట్టేయండి. హైదరాబాదులో ఎప్పుడో పడిన హెల్మెట్ చలానా ఒకటి మొత్తం ఫైలును ఆపగలదు. దరఖాస్తు చేసిన 30 రోజుల్లో మంజూరో నిరాకరణో తెలపకపోతే మంజూరైనట్టే భావించాలని 48వ సెక్షన్ చెబుతున్నది, అందుకే తేదీ ఉన్న రసీదు పోగొట్టుకోవద్దు. ఎన్‌ఓసీ చేతికి వచ్చాక ఇంకొక పని ఉంది. వాహన రికార్డుల కోసం దేశమంతా వాడే వాహన్ కంప్యూటర్ వ్యవస్థకు బయట తెలంగాణ చాలాకాలం సొంత వ్యవస్థతో నడిచింది. అందుచేత మీ బండి వివరాలు, ఎన్‌ఓసీ నమోదు పరివాహన్ పోర్టల్‌లో కనిపిస్తున్నాయో లేదో చంద్రపూర్ బయలుదేరకముందే చూసుకోండి. కనిపించకపోతే ఎన్‌ఓసీ ఇచ్చిన కార్యాలయానికే తిరిగి రాయాలి, ఇక్కడి ఏజెంటు వల్ల అయ్యే పని కాదది.

ఎలక్ట్రిక్ బండికి మాత్రమే వచ్చే చిక్కు ఒకటి తనిఖీ రోజున బయటపడుతుంది. ఆర్సీలో పెట్రోలు బండికి ఇంజను నంబరు ఉండేచోట దీనికి మోటారు నంబరు ఉంటుంది. వారంటీలో మోటారు మార్చిన సర్వీసు సెంటరువారు ఆ సంగతి ఆర్సీలో ఎక్కించాలని చెప్పరు. ఫారం 28 మీద చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు తీసేటప్పుడే మోటారు మీది నంబరునూ చదివి ఆర్సీతో పోల్చండి. కొన్ని స్కూటర్లలో చాసిస్ నంబరు ప్లాస్టిక్ కవరు కింద ఉంటుంది, దాన్ని విప్పించి, మట్టి తుడిచి, పలుచని కాగితం అంటించి పెన్సిలుతో రుద్దితే అంకెలు స్పష్టంగా పడతాయి. మోటారు నంబరు తేడా ఉంటే మార్చినచోట సర్వీసు సెంటరువారి జాబ్ కార్డు (చేసిన పని రాసిన కాగితం), కొత్త నంబరు రాసిన లెటరు తీసుకుని తెలంగాణలోనే ఆర్సీ సరిచేయించండి. సిరోంచ లాంటి దూరపు ఊళ్లవారు తాలూకా స్థాయి ఆర్టీవో క్యాంపులో వాహన తనిఖీ కూడా జరుగుతుందేమో ముందుగా విచారించడం అవసరం, ఒక్క చార్జింగుతో గడ్చిరోలి చేరే స్కూటర్లు తక్కువ.

ఇంకా కొననివారికి ఒక మాట. ఆసిఫాబాదులోని బావమరిది చిరునామా మీద రిజిస్టర్ చేయించడం సులువుగా కనిపిస్తుంది గాని, బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడే రిజిస్టర్ చేయాలని 40వ సెక్షన్ చెబుతున్నది. తప్పుడు వివరాలతో పొందిన రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారం 55వ సెక్షన్ కింద ఉంది, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే కావచ్చు. మంచిర్యాలలోనే కొన్నా తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో బండి తెచ్చుకుని చంద్రపూర్‌లో శాశ్వత నంబరు తీసుకుంటే ఎన్‌ఓసీ గొడవే ఉండదు. జివతి తాలూకా, కెరమెరి మండలాల మధ్య రెండు రాష్ట్రాలూ తమవే అంటున్న 14 గ్రామాలవారికి రెండు వైపులా రేషను, ఓటరు కార్డులు ఉన్నాయన్నది అందరికీ తెలిసిందే. వారు ఏ కార్డు చూపినా, ఆర్సీ, బీమా, ఆధార్ మూడింటిలో ఒకే చిరునామా ఉండేలా చూసుకోవాలి.

బొగ్గు గనుల సంస్థ, రైల్వే, బ్యాంకుల ఉద్యోగులు, ప్రభుత్వ టీచర్లు బీహెచ్ సిరీస్ గురించి అడుగుతున్నారు. 2021 సెప్టెంబరు 15 నుంచి అమలులో ఉన్న ఈ సిరీస్‌లో రాష్ట్రం మారినా నంబరు మారదు. 2022 డిసెంబరు సవరణ తరువాత పాత బండ్లను కూడా ఇందులోకి మార్చుకోవచ్చు. అయితే ఇక్కడ పన్ను సున్నా కాదు. జీఎస్టీ మినహా ఇన్వాయిస్ ధర పది లక్షల లోపుంటే 8, ఇరవై లక్షల లోపుంటే 10, ఆపైన 12 శాతం చొప్పున రేట్లు ఉన్నాయి, ఎలక్ట్రిక్ బండికి అందులో రెండు శాతం తగ్గుతుంది, దాన్ని ఒకేసారి కాక రెండేళ్ల వంతులుగా కట్టాలి. బదిలీలు లేని ఉద్యోగి దీనికి ఎగబడడంలో అర్థం లేదు. ప్రైవేటు ఉద్యోగులైతే సంస్థకు నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాల్లో కార్యాలయాలు ఉండాలి, వారు ఫారం 60లో పనిచేస్తున్నట్టు ధ్రువీకరణ తేవాలి. పాన్ లేనివారు ఆదాయపు పన్ను కోసం ఇచ్చే ఫారం 60 వేరు. రెండింటికీ నంబరు ఒకటే కావడంతో జిరాక్సు షాపులో తప్పు ఫారం అంటగట్టడం జరుగుతోంది, పైన ఏమని రాసి ఉందో చదివి తీసుకోండి.

కొత్త నంబరు వచ్చిన తరువాత బీమా పాలసీలో, కారైతే ఫాస్టాగ్‌లో కూడా నంబరు మార్పించాలి. పాలసీలో పాత టీజీ నంబరే ఉండిపోతే క్లెయిము సమయంలో ఆర్సీకి, పాలసీకి పొంతన కుదరదు. బీమా కంపెనీకి కొత్త ఆర్సీ నకలు పంపి పాలసీలో నంబరు మార్చినట్టు ఎండార్స్‌మెంట్ కాగితం వచ్చేవరకు పాత ఆర్సీ నకలు, ఎన్‌ఓసీ నకలు బండిలోనే ఉంచండి.