ఎదిగే పిల్లలతో మాట – 4వ పాఠం: బేరమున్న మాట, బేరం లేని మాట

కిందటి పాఠంలో పిల్లల గొంతు పెరిగినప్పుడు మనం గొంతు తగ్గించడం సాధన చేశాం. అది ఇంకా పట్టుబడకపోతే మరో వారం దానిమీదే ఉండండి. అది రాకుండా ఈ పాఠం నిలబడదు.

ఈసారి పని నోరు తెరవకముందే ఉంది. పిల్లలు ఏదైనా అడగ్గానే అది బేరమున్న విషయమో, అంటే మాట్లాడుకుని మార్చుకునే వీలున్నదో, లేనిదో మనలో మనం తేల్చుకోవాలి. తేల్చుకున్నది వాళ్లకి ముందే చెప్పేయాలి. మనం లోపల కుదరదనుకుంటూనే పైకి "చూద్దాంలే" అంటాం. ఆ మాట పట్టుకుని పిల్ల గంటసేపు వాదిస్తుంది. చివరికి "ఎదురు చెప్తావా!" అని అరుస్తాం, లేదా విసుగెత్తి సరే అంటాం. రెండోది మరీ ప్రమాదం. అమెరికాలోని ఒరెగాన్‌లో కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ దీన్ని బాగా పట్టుకున్నారు. పెద్దలు లొంగితే, అరిస్తే పని జరుగుతుందని పిల్లలు నేర్చుకుంటారు. లొంగితే గోల ఆగుతుందని పెద్దలూ నేర్చుకుంటారు. రోజులు గడిచేకొద్దీ అరుపు పెరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటర్ సెకండియర్ అమ్మాయి, పదిహేడేళ్లు. కాలేజీకి స్కూటీ మీద వెళ్తానంటోంది.

"పెదనాన్న వాళ్ల అన్నయ్య టెన్త్‌లోనే బండి నడిపాడు. అప్పుడెవరూ ఏమీ అనలేదు. నేను ఆడపిల్లననేగా, అమ్మా?"

"వాడితో నీకెందుకు, నోర్మూసుకో" అన్నది మన నోటికి అలవాటైన జవాబు. కానీ ఆ పిల్ల అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఆ న్యాయాన్ని ఒప్పుకుంటూనే కుదరదని చెప్పొచ్చు.

"వాడికి అప్పుడు బండి ఇవ్వడం తప్పే తల్లీ. మేమెవరం అడ్డు చెప్పలేదు, అదీ నిజమే. అయినా పద్దెనిమిది నిండి లైసెన్సు వచ్చేదాకా నీకు బండి లేదు. ఇందులో బేరం లేదు. ఎలా వెళ్తావన్నది మాత్రం నువ్వే చెప్పు. ఆటో మాట్లాడదామా, బస్సు పాసు తీసుకుంటావా?"

కారణం ఒక్కసారే చెప్పండి, కానీ అసలు కారణం చెప్పండి. "నలుగురూ ఏమనుకుంటారు" అంటే ఈ వయసు పిల్లలు దాన్ని నిమిషంలో చీల్చేస్తారు. చట్టం చూపించండి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం మైనర్ బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. నడిపిన పిల్లకి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇంత చెప్పాక ఇక వాదనకి దిగకండి. మళ్లీ అడిగితే "చెప్పాను కదమ్మా" అని మీ పని మీరు చూసుకోండి.

జుట్టు ఎలా దువ్వుకోవాలి, ఏ రంగు చొక్కా వేసుకోవాలి లాంటివి అసలు బేరానికే రావు, అవి వాళ్ల ఇష్టం. భద్రత విషయంలో పెద్దల మాటకి తలొగ్గే పిల్లలు కూడా తమ సొంత విషయాల్లో జోక్యాన్ని భరించలేరని మనస్తత్వ శాస్త్రవేత్త జుడిత్ స్మెటానా పరిశోధనలు చూపించాయి. అక్కడ వదిలేస్తే బండి దగ్గర మన మాటకి బరువు వస్తుంది.

నిజమైన బేరం ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా అన్న దగ్గర ఉంది. రెండేళ్లు పుస్తకాల ముందు కూర్చోవాల్సింది వాళ్లు, ఫీజు కట్టాల్సింది మనం. అందుకే ఇద్దరూ మాట్లాడాలి, కానీ వాళ్ల మాటకే ఎక్కువ విలువ ఉండాలని నా గట్టి నమ్మకం. కాగితం మీద కారణాలు రాసి తెమ్మనండి. వాదించే పిల్లలు ఈ పని ఇష్టంగా చేస్తారు.

తాతయ్య ముందు వాదిస్తే అందరిలో చిన్నబుచ్చకండి. "నువ్వు చెప్పేది వింటాం, తాతయ్యతో గొంతు తగ్గించి చెప్పు" అంటే చాలు.

ఈ వారం సాధన: ఈ నెలలో మీ ఇంట్లో గొడవైన విషయాలన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. పక్కన "బేరం లేదు", "బేరం ఉంది", "వాళ్ల ఇష్టం" అని గుర్తు పెట్టండి. సగం పైన "బేరం లేదు" అని వస్తే జాబితా మళ్లీ చూడండి. బేరమున్న ఒక విషయంలో పిల్లల వాదన నిజంగా బాగుంటే మీ నిర్ణయం మార్చుకుని, "నువ్వు చెప్పింది విన్నాకే మారాను" అని వాళ్లతో అనండి. అరిచినందుకు కాదు, సరిగ్గా చెప్పినందుకు మారారని వాళ్లకి తెలియాలి.

వచ్చే పాఠం రాత్రి పదింటి తర్వాత ఫోను గురించి. ఈ నోటు పుస్తకం అప్పుడూ కావాలి.