ఆదివారం రాత్రి ఏడ తింటవో ముందు అది చూస్కో

హన్మకొండకు కొత్తగ వచ్చేటోళ్లు దాదాపు అందరు చేసే తప్పు ఒకటే. రూం దొరికిన తెల్లారే గల్లీ మూలమీది మెస్సుల ఒక్కపూట తింటరు, పప్పు బాగుందని నెల పైసలు కట్టేస్తరు. ఆదివారం రాత్రి 8 గంటలకు పోయి చూస్తే షట్టర్ దించి ఉంటది. పక్కన కర్రీ పాయింట్ కూడా బందే. మొన్న కోస్తా దిక్కు నుంచి బ్యాంకు కొలువుకొచ్చిన పిల్లగాడు బిస్కెట్ పుడ తిని పన్నడు. అందుకే ఇది రాస్తున్న.

ఆదివారం మధ్యాహ్నం మెస్సుల కోడికూర ఉంటది. ఆ పూట మామూలు కంటె ఎక్కువమంది వస్తరు. వంటోళ్లు తెల్లారగట్ల నుంచి పొయ్యి కాడ్నే నిలబడ్తరు, వారానికి వాళ్లకు దొరికే సెలవు ఆ రాత్రొక్కటే. వాళ్లను అనేదేం లేదు. పైసలు కట్టేటప్పుడు అడగని నిన్నే అనాలె.

లెక్క చెప్త, విను. నెలకు 30 రోజులు, రెండు పూటల చొప్పున 60 పూటలు. ఆదివారం రాత్రులు 4 తీసెయ్. రెండు వారాలకోసారి ఇంటికి పోతవనుకో, శనివారం రాత్రి, ఆదివారం మధ్యాహ్నం కలిపి ఇంకో 4 పోయె. మిగిలేటివి 52. నెలకు 3,000 అన్నరనుకో, 60తోని భాగిస్తే పూటకు 50 పడ్తది, నువ్వు నిజంగ తినే 52తోని భాగిస్తే 58 దగ్గరికొస్తది. పక్క మెస్సుల ప్లేటు 55కే దొరుకుతుంటే నెల కట్టుడెందుకు? కాబట్టి మొదటి నెల, తిన్న పూటకొకటి ఇచ్చే కూపన్లే తీస్కో. కూపన్ మీద తారీఖు లేకుంటేనే తీస్కో. నెలాఖరు దాటితే చెల్లదు అనేటోళ్లుంటరు, ముందే అడుగు. సద్దుల బతుకమ్మ, దసరా, సంక్రాంతికి వంటోళ్లు ఊర్లకు పోతరు, ఆ రోజుల పైసలు తిరిగిస్తరా, వచ్చే నెలల కలుపుతరా అన్నది కూడా అప్పుడే తేల్చుకో.

మెస్సు ఎట్లుందో ఒక్కపూటతోని తెల్వదు. మూడు పూటలు తిను, మూడూ వేరే వేరే టైముల. ఒకసారి 12:45కు పో, అప్పుడు ఎవ్వని పప్పైనా బాగనే ఉంటది. ఇంకోసారి 2:15కు పో. పప్పు తక్కువబడితే వేడినీళ్లు పోసి సాగదీస్తరు. అన్నం మీద పోసినప్పుడు నీళ్లు పక్కలకు జారి, పప్పు నడుమ మిగిలితే అదే సంగతి. మూడోసారి రాత్రి 9 దాటినంక పోయి, మధ్యాహ్నం కూరనే మళ్ల కాగబెట్టిన్రా చూడు. వంకాయ నల్లబడి, నూనె అంచులకు తేలి ఉంటది.

అన్నం ముద్దగుంటే వంటోని తప్పే అనుకోకు. వానకాలం పంట కోసినంక కొత్త బియ్యం వస్తయి, అవి ఎట్ల వండినా అంటుకుంటయి, కడుపుల బరువుగుంటయి. కనీసం ఆర్నెల్లు పాతవడ్డ బియ్యం వాడే మెస్సైతే మెతుకు మెతుకు విడివిడిగుంటది. "బియ్యం పాతయేనా అన్నా?" అని అడుగు. ఈ ఒక్క మాటకే నీకు తిండి సంగతి తెలుసని ఆయనకు సమజైతది.

మాటలు కొన్ని నేర్సుకో. ఇక్కడ పచ్చడిని తొక్కంటరు, గోంగూర పుంటికూర, బంగాళాదుంప ఆలుగడ్డ, వెల్లుల్లి ఎల్లిగడ్డ, మజ్జిగ సల్ల, మటన్ యాటకూర. పచ్చిపులుసు పల్చగుందని వంకపెట్టకు, దాన్ని కాగబెట్టరు, అది గట్లనే ఉంటది. వడ్డించేటాయనను "అన్నా" అను, పెద్దామెను "అమ్మా" అను. "ఏవండీ" అంటే నవ్వుతరు, ఏమనుకోకు. చెల్లెండ్లు ఒక్కరే తినేటట్లైతే కౌంటర్ల ఆడమనిషి కూసున్న మెస్సు చూస్కోండి. మధ్యాహ్నం ఒంటిగంట రద్దీల కూడా "జల్ది తిని లెవ్వు" అన్నట్టు చూడరు.

నయీంనగర్, కాకతీయ యూనివర్సిటీ దిక్కు మెస్సులు పిల్లలను నమ్ముకున్నయి, సెలవులిస్తే సగం మూతబడ్తయి. ఎంజీఎం దవాఖాన చుట్టుపక్కల పేషెంట్ల వెంట వచ్చినోళ్ల కోసం పొద్దుగాల్నే టిఫిన్లు మొదలైతయి. వరంగల్ స్టేషన్ కాడ రాత్రి ఆలస్యంగ కూడా ఏదో ఒకటి దొరుకుతది, రోజూ తినే తిండైతే కాదు. రెండేండ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు హన్మకొండ బస్టాండు దిక్కు తిందామని పోకు, నిలబడనీకె కూడా జాగ ఉండది.

ఇంత భయపెట్టిన గని, మూడోవారం వరకు చాలామందికి ఒక జాగ కుదురుతది. నిన్న రాలేదేందని వాళ్లే అడుగుతరు. అడగకముందే ఇంకో గంటె అన్నం పడ్తది. అప్పుడు నెల కట్టు, నేనేం వద్దన.

ఇగ ఆదివారం రాత్రి సంగతి. 7 లోపు జొన్నరొట్టెల బండి కాడ 3 రొట్టెలు తీస్కొని బట్టల చుట్టిపెట్టు, కవర్ల పెడితే చెమటపట్టి మెత్తబడ్తయి. అండ్లకు పచ్చిపులుసు చేసుకో: నిమ్మకాయంత చింతపండు అరగంట నానబెట్టి పిసికి, 3 గ్లాసుల నీళ్లు కలుపు. ఒక ఉల్లిగడ్డ సన్నగ తరిగి, 2 పచ్చిమిరపకాయలు ఉప్పుతోని నలిపి అండ్ల వెయ్, ఇంత జీలకర్ర, కొత్తిమీర. పొయ్యి అక్కర్లేదు, హాస్టల్ వార్డెన్ కూడా ఏమనడు. రొట్టె ముక్కలు తుంచి అండ్లనే వేసుకొని తిను.