సముద్రంలో ఒడ్డు నుంచి గాలం వేసేటప్పుడు ఫీడర్ ఎట్లా వాడాలి (చెరువు అలవాటున్న హైదరాబాదోళ్ల కోసం)

మన హైదరాబాద్‌లో గాలం పట్టినోళ్లంతా దాదాపు చెరువు దగ్గరే నేర్చుకుంటరు. తవుడు, వేరుశనగ చెక్క, కొంచెం మైదా కలిపి ముద్ద చేసి స్ప్రింగ్‌కి పెట్టి వేస్తరు, అది అడుగున కూర్చొని మెల్లగా విడిపోతుంటే రవ్వ, బొచ్చె వచ్చి దాని చుట్టే తిరుగుతయి. ఆ ముద్దే పట్టుకొని బాపట్ల దగ్గరున్న సూర్యలంక బీచ్‌కి పోతే మాత్రం పని జరగదు. అక్కడ అల ఒక్కటి తగిలితే చాలు ముద్ద మొత్తం కొట్టుకుపోతది, చేప వచ్చేసరికి అక్కడ ఏమీ ఉండదు.

ఫీడర్ అంటే మేత నింపి లైన్‌కి కట్టే రంధ్రాల గొట్టం. సముద్రంలో దాని పని మేత కుప్ప పెట్టడం కాదు, వాసన వదలడం. నీళ్లు ఎటు పోతే ఆ నూనె, ఆ రసం అటు ఒక దారిలాగా సాగుతది, దూరంగా ఉన్న చేప ఆ వాసన పట్టుకొని ప్రవాహానికి ఎదురొచ్చి మీ హుక్ దాకా వస్తది. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఏం కలపాలి, ఎక్కడ కట్టాలి, ఎన్ని నిమిషాలకి తీయాలి అన్నీ మీకే తెలిసిపోతయి.

మేత కోసం నూనె ఎక్కువుండే చేపలే కావాలి, అంటే కవళ్లు (సార్డిన్), కానాగంతలు (మ్యాకరెల్). రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి పొద్దున్నే పోతే ఇవి దొరుకుతయి, రొయ్యలు ఒలిచే దగ్గర తలకాయలు కూడా అడిగి తెచ్చుకోండి, వాసనకి వాటిని మించింది లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో బోట్ల వేట బంద్ ఉంటది కాబట్టి అప్పుడు పోవాలనుకుంటే ముందే కొని ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మంచిది. చేపని తల, పేగులతో సహా కచ్చాపచ్చాగా దంచాలి, మిక్సీలో మెత్తగా తిప్పొద్దు, పల్చగా అయితే నీళ్లలో పడంగనే ఖాళీ అయితది. దాంట్లో రస్కు పొడి గానీ ఎండు బ్రెడ్ పొడి గానీ వేసి గట్టిగా పిసికి, ఫీడర్‌లో పట్టే సైజులో ముక్కలు చేసి గడ్డకట్టించి ఐస్ బాక్స్‌లో తీసుకుపోండి. గడ్డకట్టిన ముక్క విసిరేటప్పుడు గాల్లో చిమ్మిపోదు, నీళ్లలో కూడా కొంచెం కొంచెంగా వదులుతది. రైల్లో బాపట్ల దాకా పోయేటట్లయితే డబ్బా మూత చుట్టూ టేప్ వేయండి, పక్క ప్యాసింజర్ల మీద కొంచెం దయ ఉంచాలి కదా.

ఫీడర్ కొనాల్సిన పని లేదు. బేగంబజార్‌లో లేడీస్ సామాను అమ్మే షాపుల్లో జుట్టు చుట్టుకునే ప్లాస్టిక్ రోలర్లు ఉంటయి చూడండి, రంధ్రాలతో, అవే పనికొస్తయి. ఒక చివర మూసేసి, పక్కన సీసం ముక్క కేబుల్ టైలతో బిగిస్తే ఫీడర్ రెడీ. అయితే బరువు లెక్క జాగ్రత్త. రాడ్ మీద ఎన్ని గ్రాములు విసరొచ్చో రాసి ఉంటది, సీసం, మేత, ఫీడర్ మూడూ కలిపి ఆ లోపే ఉండాలి, చాలామంది సీసం ఒక్కటే లెక్కేస్తరు. ఇంకా ముఖ్యమైనది షాక్ లీడర్, అంటే చివర కట్టే మందం లైన్. విసిరే బరువు ఒక్కో ఔన్సుకి, అంటే దాదాపు 28 గ్రాములకి, 10 పౌండ్ల బలం ఉండాలి, మొత్తం 5 ఔన్సులు అయితే 50 పౌండ్ల లైన్ అన్నట్టు. పొడవు రాడ్‌కి రెండింతలు, ఆ పైన రీల్ మీద కొన్ని చుట్లు. దీన్ని లైట్ తీసుకోవద్దు, లైన్ తెగితే ఆ సీసం బీచ్‌లో నిలబడ్డోళ్ల తలకి తగుల్తది. సూర్యలంకలో ఆదివారం జనం ఎట్లా ఉంటరో తెలుసు కదా, జనానికి దూరంగా పోయి వేయండి.

ఫీడర్‌ని లైన్ చివర కట్టి, దానికి కాస్త పైనుంచి రెండు మూడడుగుల లైన్ ముక్కతో హుక్ వేలాడదీయండి. అప్పుడు వాసన ఎటు పోతే హుక్ కూడా అటే సాగుతది. హుక్‌కి పెట్టే ఎర కూడా ఫీడర్‌లో ఉన్నదే అయితే మంచిది, కవళ్ల మాంసం పొడుగు ముక్క కోసి సన్నటి ఎలాస్టిక్ దారంతో చుట్టేస్తే విసిరినప్పుడు ఊడిపోదు.

నిండు ఫీడర్ దూరం పోదు, పోనవసరం కూడా లేదు. అలలు విరిగే చోటుకీ ఒడ్డుకీ మధ్య కొంచెం లోతుగా, నీళ్లు ముదురు రంగులో కనిపించే గాడి ఉంటది, చేపలు మేతకి అక్కడికే వస్తయి. మొదటి నాలుగైదు సార్లు ఐదేసి నిమిషాలకే తీసి నింపి మళ్లీ వేయండి, వాసన దారి పడాలి. తర్వాత పది పదిహేను నిమిషాలకి ఒకసారి చాలు. ప్రతిసారీ ఒకే చోట పడాలి, ఒకసారి ఇక్కడ ఒకసారి అక్కడ వేస్తే చేపల్ని మీరే చెల్లాచెదురు చేసినట్టు. రాడ్ స్టాండ్ జరపకుండా, మొదటిసారి పడిన దూరానికి లైన్ మీద రంగు దారం ముడి కట్టుకోండి. స్పూల్ క్లిప్‌కి, అంటే రీల్ మీద లైన్ ఇరికించే చిన్న క్లిప్‌కి, లైన్ తగిలించి వదిలేయొద్దు, పండుగప్ప లాంటిది పడి లాగిందంటే టప్పున తెగిపోతది.

టైం అంటే పోటు వచ్చేటప్పుడు, నిండు పోటుకి ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్లు బాగా లోపలికొస్తయి, ఈడ్పు కూడా అప్పుడే ఎక్కువ, మోకాలు దాటి దిగొద్దు.

హుక్ ప్రతిసారీ ఖాళీగా శుభ్రంగా వస్తుంటే అది పీతల పని, వాటికీ అదే వాసన ఇష్టం. హుక్ దగ్గర లైన్‌కి చిన్న ఫోమ్ ముక్క గుచ్చితే ఎర అడుగు నుంచి కొంచెం పైకి లేస్తది, పీతలకి అందదు. జెల్ల పడితే చేత్తో పట్టుకోవద్దు, వీపు మీద ఒకటి, పక్కలకి రెండు ముళ్లు ఉంటయి, విషం ఉంటది, గుచ్చితే చెయ్యి వాచిపోతది. పట్టకారుతో హుక్ తీయండి. గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి నీళ్లలో చెయ్యి పెట్టి నొప్పి తగ్గేదాకా ఉంచి, అట్లే డాక్టర్ దగ్గరికి పోండి.