లినక్స్‌కి కొత్తగా వచ్చారా? టెర్మినల్‌లో ఫైళ్లు పోగొట్టుకోకుండా పని చేయడం ఎలా?

లినక్స్ వేసుకున్న కొత్తలో జనం నాకు వైఫై రావట్లేదనో సౌండ్ రావట్లేదనో ఫోన్ చేస్తారనుకుంటారు గానీ, ఎక్కువ కాల్స్ ఇలా ఉంటాయి: "అన్నా, ఫోల్డర్ డిలీట్ అయిపోయింది, ట్రాష్‌లో కూడా లేదు, ఏమైనా చేయొచ్చా?" చాలాసార్లు చేయడానికేం ఉండదు. పదేళ్లకు పైగా వాడుతున్నా, కాలేజీ పిల్లలకీ చుట్టాలకీ వేసిపెడుతున్నా, అందరూ పడేది ఆ ఒక్క గుంటలోనే. అందుకే మిగతావన్నీ గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

ముందు ఏం వేసుకోవాలి అంటే ఉబుంటు ఎల్టీఎస్ (ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్) లేదా లినక్స్ మింట్, అంతే. ఉబుంటు ఎల్టీఎస్ రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, 5 ఏళ్లు అప్‌డేట్లు ఇస్తారు, కొత్తవాళ్లకి అంతకన్నా ఏం కావాలి. స్క్రీన్ బాగుందనో, ఎవరో వీడియోలో చూపించారనో మొదటిరోజే ఆర్చ్ అనే ఇంకో రకం లినక్స్ జోలికి పోవద్దు. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి కొడితే టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే విండో, వస్తుంది. కమాండ్లని ఇక్కడ పలికినట్టు రాస్తున్నా, మీరు మాత్రం ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో కొట్టాలి. లినక్స్‌కి చిన్నక్షరం వేరు పెద్దక్షరం వేరు, డౌన్‌లోడ్స్‌లో మొదటి అక్షరం పెద్దదైతే పెద్దదే కొట్టాలి.

ఇక మామూలువి. పీడబ్ల్యూడీ అంటే ఇప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉన్నామో చెప్తుంది. ఎల్ఎస్ అక్కడ ఏమున్నాయో చూపిస్తుంది. సీడీ పక్కన ఫోల్డర్ పేరు కొడితే అందులోకి వెళ్తాం, సీడీ తర్వాత రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు పైకి. ఎంకేడిర్ (ఎం, కే, డీ, ఐ, ఆర్) కొత్త ఫోల్డర్‌కి, సీపీ కాపీకి, ఎంవీ జరపడానికీ పేరు మార్చడానికీ. ఈ సీపీ, ఎంవీ రెండూ అదే పేరుతో అక్కడ ఇంకో ఫైల్ ఉంటే అడక్కుండా దాని మీద రాసేస్తాయి, కాబట్టి వాటి పక్కన హైఫన్ ఐ (రాసేముందు అడగమని) పెట్టడం మొదటి రోజునుంచే అలవాటు చేసుకోండి. ఏదైనా మధ్యలో ఆపాలంటే కంట్రోల్ సీ. టెర్మినల్‌లో అది కాపీ కాదు, కాపీకి కంట్రోల్ షిఫ్ట్ సీ. ఏ కమాండ్ ఏం చేస్తుందో తెలియకపోతే మ్యాన్ అని కొట్టి దాని పేరు కొట్టండి, చదివాక క్యూ నొక్కితే బయటికొస్తారు.

ట్యాబ్ కీ గురించి మాత్రం కొంచెం గట్టిగానే చెప్తా. ఫైల్ పేరు మొత్తం చేత్తో కొట్టొద్దు. రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుతుంది, అలాంటి పేర్లు ఇంకా ఉంటే రెండుసార్లు నొక్కితే అన్నీ చూపిస్తుంది. చాలామంది ఇది స్పీడ్ కోసం అనుకుంటారు, నేను వాడేది తప్పు దొరకబుచ్చుకోవడానికి. ట్యాబ్ నింపక, రెండుసార్లు నొక్కినా ఏమీ చూపించలేదంటే అక్కడ అలాంటి ఫైల్ లేదు, లేదా మీరు వేరే ఫోల్డర్‌లో ఉన్నారు.

సుడో (ఎస్, యూ, డీ, ఓ) అంటే ఆ కమాండ్‌ని అడ్మిన్ హక్కులతో నడపమనడం. దానికి పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఉబుంటులో స్క్రీన్ మీద ఏమీ కనపడకపోవచ్చు, కీబోర్డ్ పాడవలేదు, కొట్టేసి ఎంటర్ నొక్కండి. ఆప్ట్ (ఏ, పీ, టీ) సాఫ్ట్‌వేర్లు వేసే కమాండ్. సుడో ఆప్ట్ అప్‌డేట్ లిస్ట్‌ని మాత్రమే తాజా చేస్తుంది, సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ అసలు అప్‌డేట్లు వేస్తుంది, రెండూ కావాలి. ఆప్ట్‌తో ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది ఏమేం వేస్తానో, ఏమేం తీసేస్తానో చెప్పి వై లేదా ఎన్ అని అడుగుతుంది చూశారా, ఆ తీసేసే లిస్ట్ చదవకుండా వై కొట్టొద్దు. 2021లో పేరున్న యూట్యూబర్ ఒకాయన పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ అనే గేమ్స్ యాప్ ఇన్‌స్టాల్ చేయబోతే డెస్క్‌టాప్ మొత్తం పోతుందని అది హెచ్చరించింది, ఆయన ఒప్పుకున్నాడు, పోయింది.

ఇప్పుడు అసలు విషయం, ఆర్ఎం, అంటే ఫైళ్లు తీసేసే కమాండ్. ఇది తీసేసిన ఫైల్ ట్రాష్‌కి వెళ్లదు. ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ అనేది ఆ ఖాళీని నిజంగానే తుడిచేస్తుంది కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

మా పిన్ని కొడుకు సంగతి చెప్తా. బీటెక్ ఫైనలియర్, హోమ్‌లో (మన సొంత ఫైళ్లుండే ఫోల్డర్) రెండు ఫోల్డర్లు, ఒకటి ప్రాజెక్ట్, ఇంకోటి ప్రాజెక్ట్ ఓల్డ్, మధ్యలో స్పేస్. పాతది తీసేద్దామని ఆర్ఎం హైఫన్ ఆర్ఎఫ్ ప్రాజెక్ట్ ఓల్డ్ అని కొట్టాడు. ఆర్ అంటే ఫోల్డర్‌ని లోపలున్న వాటితో సహా తీసేయమని. టెర్మినల్‌కి స్పేస్ అంటే ఒక పేరు అయిపోయి ఇంకో పేరు మొదలైందని అర్థం. ప్రాజెక్ట్ అనే ఫోల్డర్ ఒకటి, ఓల్డ్ అనేది ఇంకోటి అనుకుంది, అసలు ప్రాజెక్ట్‌ని తీసేసింది. ఓల్డ్ అనేది లేదు కదా, ఎర్రర్ అయినా రావాలి, కానీ ఎఫ్ పెట్టాడు, ఎఫ్ అంటే నోరు మూసుకుని చెయ్యమనడం. ఒక్క లైన్ కూడా రాలేదు. పాత ఫోల్డర్ మాత్రం భద్రంగా అక్కడే ఉంది, వాడు దాంట్లోంచే మళ్లీ మొదలుపెట్టి మూడు రాత్రులు కూర్చున్నాడు.

అందుకని తీసేసేటప్పుడు ఈ వరస తప్పొద్దు. ముందు పీడబ్ల్యూడీ, ఎక్కడున్నారో చూడండి. తర్వాత తీసేయాలనుకున్న పేర్లనే ఎల్ఎస్‌కి ఇవ్వండి. వాడు ఎల్ఎస్ ప్రాజెక్ట్ ఓల్డ్ అని కొట్టుంటే కొత్త ఫైళ్లన్నీ కళ్లముందు కనిపించేవి, పైగా ఓల్డ్ అనేది లేదని ఎర్రర్ కూడా వచ్చేది. స్టార్ గుర్తు (ఏ పేరైనా సరే అని అర్థం) వాడుతుంటే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే స్టార్ ముందు పొరపాటున ఒక స్పేస్ పడితే ఆ ఫోల్డర్‌లో కనిపించేవన్నీ లిస్ట్‌లోకి వచ్చేస్తాయి. ఎల్ఎస్ చూపించింది మీరు అనుకున్నదేనా? అప్పుడు పై బాణం కీ నొక్కి అదే లైన్ తెచ్చుకుని ఎల్ఎస్ ఒక్కటే మార్చండి, ఆర్ఎం హైఫన్ ఆర్, దాని పక్కన హైఫన్ పెద్ద ఐ. పెద్ద ఐ పెడితే తీసేయబోయే ముందు ఒక్కసారి అడుగుతుంది. ఇక్కడ చెయ్యి కీబోర్డ్ మీదనుంచి తీసి లైన్ మొత్తం ఒకసారి చదివి, అప్పుడు ఎంటర్.

ఎఫ్ పెట్టొద్దు. సుడో కూడా పెట్టొద్దు, మీ హోమ్‌లోని మీ ఫైల్ తీసేయడానికి సుడో అడుగుతోందంటే ముందు అది ఎందుకో కనుక్కోవాలి. కొంతమంది ఆర్ఎంకి ఏలియాస్ (కమాండ్‌కి మనం పెట్టుకునే మారుపేరు) పెట్టుకుని ఎప్పుడూ అడిగేట్టు చేసుకోమంటారు, నేను ఒప్పుకోను. రోజుకి యాభైసార్లు వై కొట్టి కొట్టి చెయ్యి అలవాటు పడిపోతుంది, ఆ ఏలియాస్ లేని ఇంకో కంప్యూటర్ ముందు కూర్చున్న రోజు అది కాపాడదు. అంతకన్నా జీఐఓ ట్రాష్ అనే కమాండ్ ఉంది, అది మామూలు ట్రాష్‌లోకే పంపిస్తుంది, మొదటి నెల ఆర్ఎం మర్చిపోయి ఇదే వాడండి.

అనుభవం ఉంటే ఇవన్నీ అక్కర్లేదనుకోవద్దు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీర్ వేరే సర్వర్‌లో ఉన్నాననుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్‌ని తీసేశాడు. ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది, బ్యాకప్‌లు సరిగా రావట్లేదని కూడా అప్పుడే బయటపడింది. ఆ కంపెనీ ఇదంతా దాచకుండా రాసి పెట్టింది, నాకు అందుకే వాళ్లంటే గౌరవం.

ఫైళ్ల పేర్లలో స్పేస్ పెట్టొద్దు, అండర్‌స్కోర్ పెట్టండి. స్పేస్ ఉన్నవాటికి ట్యాబ్ నొక్కితే స్పేస్ ముందు బ్యాక్‌స్లాష్ అదే వేసుకుంటుంది, అప్పుడు ఒకే పేరుగా లెక్క. తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చు గానీ చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకి జరిగి కనిపిస్తాయి, 'పెళ్లి' అన్న ఫోల్డర్‌ని కూడా పోల్చుకోవడం కష్టం. పేరు సరిగా చదవలేనప్పుడు టెర్మినల్‌లో దాన్ని డిలీట్ చేయకండి, ఫైల్ మేనేజర్ తెరిచి చేయండి.

సిస్టమ్‌ని వెనక్కి తీసుకెళ్లే టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ యాప్ ఆన్ చేసుకున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లూ నాకు చాలామంది తగిలారు. అది సిస్టమ్ ఫైళ్లని దాస్తుంది, మీ హోమ్ ఫోల్డర్‌లోవి దానంతటది దాయదు. ఫొటోలు, ప్రాజెక్టులు వేరే హార్డ్ డిస్క్‌లోకి మీరే కాపీ చేసుకోవాలి, కాపీ అయ్యాక అక్కడ రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడాలి.

ఇదంతా చదివి వదిలేయకుండా ఈ రోజే ఎంకేడిర్‌తో ప్రాక్టీస్ అని ఒక ఫోల్డర్ చేసి, అందులోకి సీడీ కొట్టి, టచ్ అనే కమాండ్ పక్కన పేర్లు కొట్టి ఓ పది ఖాళీ ఫైళ్లు పెట్టి, నాలుగింటిని పై వరసలో తీసేయండి. మిగిలినవి ఆరేనా అని ఎల్ఎస్ కొట్టి లెక్కపెట్టండి.